కొండెక్కితే పెట్రోలు ట్యాంకు ఎందుకు బుస కొడుతుంది?

రెండేళ్ల కిందట జూన్‌లో, బెజవాడ కొలిమిలా మండుతున్న ఓ మధ్యాహ్నం, ఆటోనగర్‌లో నా స్పేర్ పార్టుల కొట్లో ఫ్యాను కింద కూర్చుని ఉండగా లేహ్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న వాడిన పాత 350 సీసీ కార్బొరేటర్ బండి మీద అక్కడి ఖర్దుంగ్ లా కనుమ ఎక్కి దిగొచ్చాడు. గొంతులో గర్వం కంటే చిరాకే ఎక్కువ వినబడింది.

"మావయ్యా, ఎక్కేటప్పుడు కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతూనే ఉంది. దిగేటప్పుడేమో పెట్రోలు అందక మూడుసార్లు ఆగిపోయింది. నిన్న సాయంత్రం ఇక్కడ మెకానిక్ కార్బొరేటర్ విప్పి కడిగాడు, ఫ్లోట్ నీడిల్ మార్చాడు, ప్లగ్గు మార్చాడు. ఇవాళ మళ్లీ ఎక్కితే మళ్లీ అదే కథ."

కార్బొరేటర్ అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగం. అందులోకి పెట్రోలు ఎక్కువ రాకుండా అడ్డుకునే సూది ఫ్లోట్ నీడిల్. ఎక్కేటప్పుడు పెట్రోలు ఎక్కువ, దిగేటప్పుడు తక్కువ. ఒకే బండికి ఒకే రోజు రెండు ఎదురెదురు రోగాలు వచ్చాయంటే రెండింటికీ మూలం ఒకటే అయ్యుంటుంది.

"ఆగినప్పుడు ట్యాంకు మూత తీశావా?"

"తీశా. సర్రుమని లోపలికి గాలి పీల్చుకుంది. తర్వాత ఒక్క కిక్కుకే అందుకుంది."

"ఎక్కేటప్పుడు తీస్తే?"

"బుస్సుమని బయటికి తన్నింది. చొక్కా మీద చిమ్మింది కూడా."

"ట్యాంకు మీద ఏముందిరా?"

"ట్యాంక్ బ్యాగు. దాని మీద వాన కవరు."

బ్యాగు తీసి మూతలో ఉండే చిన్న రంధ్రం చూడమన్నాను. అందులో తెల్లగా గట్టిపడిన పాలిష్ పేస్టు కూరుకుపోయి ఉంది. బయల్దేరే ముందురోజు బెంజ్ సర్కిల్ దగ్గర బండి కడిగించి తళతళలాడేలా పాలిష్ పెట్టించాడట. సన్నటి తీగతో రంధ్రం శుభ్రం చేసి, బ్యాగుని వెనక సీటుకి కట్టుకున్నాడు. ఆ తర్వాత చాంగ్ లా కనుమ కూడా ఎక్కి దిగాడు, బండి కిక్కురుమనలేదు. అంటే ఆ లోపం బెజవాడలో పుట్టింది, లేహ్‌లో బయటపడింది. ఎత్తు మీద వచ్చే ట్యాంకు ఫిర్యాదుల్లో చాలావాటి జాతకం ఇదే.

ఇది సరిగా అర్థం కావాలంటే ట్యాంకుని పాత్రలా చూడటం మానెయ్యాలి. అది ఊపిరి తీసే వస్తువు. పెట్రోలు ఖర్చయిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. ఎండకి ఆవిరి ఉబ్బితే బయటికి పోవాలి. బెజవాడలో మనం సముద్రమట్టానికి పాతిక ముప్పై మీటర్ల లోపే ఉంటాం. ఇక్కడ గాలి పీడనం దాదాపు 101 కిలోపాస్కల్స్. తిరుమల కొండ మీదికి వెళ్తే అందులో ఓ పది తగ్గుతుంది. ఊటీలో, అంటే 2,240 మీటర్ల మీద, 77 దగ్గర ఉంటుంది. లేహ్‌లో 66. ఖర్దుంగ్ లా మీద 52, అంటే మన ఊళ్లో ఉన్నదాంట్లో సగం. (ఆ కనుమ మీద చాలాకాలం 18,380 అడుగులు అనే బోర్డు ఉండేది. కొలిచి చూస్తే 5,359 మీటర్లే, అంటే 17,600 అడుగుల లోపు. బోర్డు పక్కన ఫొటో దిగినవాళ్లు నన్ను తిట్టుకోకండి.)

ఇప్పుడు ఒక కారు ట్యాంకుని బెజవాడలో గాలి చొరబడకుండా బిగించి, ఖర్దుంగ్ లా మీదికి తీసుకెళ్లామనుకుందాం. లోపల 101, బయట 52. తేడా 49. ట్యాంకు అడుగుభాగం 60 సెంటీమీటర్లు పొడవు, 40 వెడల్పు అనుకుంటే దాని మీద పడే తోపు దాదాపు 1,200 కిలోల బరువుతో సమానం. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) 40 కిలోలు వేసుకుంటే 30 టిక్కీలు. పల్చటి రేకుతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన ట్యాంకు ఆ బరువుకి తయారైంది కాదు. అందుకే మామూలు బళ్లకి ఏ కంపెనీ కూడా ట్యాంకుని పూర్తిగా మూసెయ్యదు. ఊపిరికి దారి వదులుతుంది. ఆ దారి పూడుకుపోతేనే మన కథలన్నీ.

మావాడి బండిలో జరిగింది లెక్క వేస్తే సరదాగా ఉంటుంది. కార్బొరేటర్ బండికి పంపు ఉండదు, ట్యాంకులోంచి పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగాలి. ట్యాంకులో పెట్రోలు మట్టానికీ కార్బొరేటర్‌కీ మధ్య ఒక అడుగు ఎత్తు ఉందనుకోండి. ఆ అడుగు పెట్రోలు ఇచ్చే ఒత్తిడి రెండు కిలోపాస్కల్స్ కాస్త పైన, అంతే. ట్యాంకు లోపల పీడనం బయటికంటే రెండు తగ్గితే చాలు, పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ఖర్దుంగ్ లా ప్రాంతంలో మూడు వందల మీటర్లు కిందికి దిగితే బయటి పీడనం అంత పెరుగుతుంది. ఎక్కేటప్పుడు దీనికి తిరగబడి, లోపలి పీడనమే ఎక్కువై ఫ్లోట్ నీడిల్‌ని నెట్టుకుని పెట్రోలు పొంగింది. నీడిల్ మార్చిన మెకానిక్‌ది తప్పు అనలేను. కారుతున్న చోటే చూశాడు పాపం. కాకపోతే కారణం అక్కడికి అడుగున్నర ఎత్తులో, మూతలో ఉంది.

మరి ఇక్కడి నుంచి మనాలి దాకా రెండు వేల చిల్లర కిలోమీటర్లు ఎలా నడిచింది? రంధ్రం పూర్తిగా మూసుకుపోలేదు కాబట్టి. మైదానంలో ట్యాంకు పీల్చాల్సింది ఖర్చయిన పెట్రోలుకి సరిపడా గాలి మాత్రమే. కనుమ దిగేటప్పుడు అలా కాదు. ట్యాంకులో ఏడు లీటర్ల ఖాళీ ఉందనుకుంటే, పీడనం 52 ఉన్న కనుమ నుంచి 66 ఉన్న లేహ్‌కి దిగేసరికి లోపలి పీడనం బయటితో సమానం కావాలంటే మరో లీటరున్నర గాలి కావాలి. ఆ దిగుడులో కాలిన పెట్రోలు అర లీటరు ఉంటే ఎక్కువ. అంటే అదే రంధ్రం మీద నాలుగింతల పని పడింది. సగం పూడిన కాలువ ఎండాకాలంలో బాగానే పారుతున్నట్టు కనిపిస్తుంది, వాన పడ్డప్పుడే దాని సంగతి తెలిసేది.

కాబట్టి ఈ జబ్బు పట్టుకోవడానికి నేనడిగే మొదటి ప్రశ్న బండి మోడల్ గురించి కాదు. మూత తీస్తే గాలి ఎటు పోయింది? లోపలికా, బయటికా? రెండో ప్రశ్న, అప్పుడు ఎక్కుతున్నారా, దిగుతున్నారా, లేక ఎండలో ఆపి ఉంచారా? ఈ రెండు జవాబులు దొరికితే సగం పని అయిపోతుంది. చిన్నపాటి 'సుస్' శబ్దం ఎప్పుడూ ఉండేదే, దానికి కంగారు పడక్కర్లేదు. నాలుగైదు సెకన్లు సాగిందంటే మాత్రం ఆలోచించాలి.

కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బళ్ల దగ్గరికి, అందులోనూ కార్ల దగ్గరికి వస్తే ఆ ఊపిరి దారి పొడవుగా, మెలికలుగా ఉంటుంది. పెట్రోలు ఆవిరిని గాల్లోకి వదలకూడదని నియమాలు వచ్చాక మూతలో ఊరికే రంధ్రం పెట్టే రోజులు పోయాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నియమాలు వచ్చేసరికి స్కూటర్లకి కూడా క్యానిస్టర్ మామూలైపోయింది. క్యానిస్టర్ అంటే బొగ్గు డబ్బా. మామూలు బొగ్గు కాదు, ఆవిరిని స్పాంజిలా పట్టుకునేలా తయారుచేసిన బొగ్గు. ట్యాంకు పైభాగంలో ఒక వాల్వు ఉంటుంది, బండి తిరగబడితే పెట్రోలు బయటికి రాకుండా మూసుకుంటుంది. అక్కడి నుంచి ఒక పైపు క్యానిస్టర్‌కి వెళ్తుంది. క్యానిస్టర్‌కి రెండో పక్క బయటి గాలి వచ్చే ముక్కు. మూడో దారి ఇంజిన్ వైపు. మధ్యలో పర్జ్ వాల్వు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కంప్యూటర్ ఆ వాల్వుని టకటకా తెరుస్తూ మూస్తూ ఉంటుంది. అప్పుడు ఇంజిన్ పీల్పుకి బయటి గాలి బొగ్గులోంచి వచ్చి, అందులో దాగిన ఆవిరిని మోసుకుపోయి ఇంజిన్‌లో కాల్చేస్తుంది. బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది. ఎవరు ఆలోచించారో గానీ మంచి ఏర్పాటు. చెత్త నిండిన బుట్టని రోజూ ఖాళీ చేసుకోవడం లాంటిది.

ఎత్తు మీద ఈ ఏర్పాటుకి రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది. ఆవిరి ఎక్కువ పుడుతుంది, బుట్ట ఖాళీ అయ్యే వేగం తగ్గుతుంది. రెండోది చాలామంది గమనించరు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, దాని మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో) పీడనం ఉజ్జాయింపుగా 35 కిలోపాస్కల్స్ ఉంటుంది. బెజవాడలో బయటి గాలి 101 కాబట్టి తేడా 65 పైనే, క్యానిస్టర్‌లోంచి గాలిని గట్టిగా లాగేస్తుంది. ఖర్దుంగ్ లా మీద బయటే 52. తేడా 17. ఘాట్ ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచితే ఆ తేడా కూడా పోతుంది. ఇంజిన్‌కి ఊపిరాడని చోట క్యానిస్టర్‌కి మాత్రం ఎలా ఆడుతుంది?

ఇక ఆవిరి ఎక్కువ పుట్టడం సంగతి. కొండ మీద అన్నం ఉడకదని, కుక్కర్ తప్పనిసరని అందరికీ తెలుసు. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, అందుకే. పెట్రోలుకీ అదే వర్తిస్తుంది, కాకపోతే దానికి ఒకే మరుగు స్థానం ఉండదు. తేలికపాటి భాగాలు ముందు లేస్తాయి, బరువైనవి మిగులుతాయి. మన దేశంలో బీఎస్ 6 పెట్రోలుకి 38 డిగ్రీల వద్ద ఆవిరి పీడనం 60 కిలోపాస్కల్స్ దగ్గర ఉండేలా ప్రమాణం పెట్టుకున్నారు. ఆ పీడనం ఇరవై రెండు డిగ్రీలకోసారి సుమారు రెట్టింపవుతుంది. బయటి గాలి పీడనాన్ని అందుకున్న క్షణం నుంచి పెట్రోలు మరగడం మొదలు. ఈ లెక్కన బెజవాడలో పెట్రోలు మరగాలంటే ట్యాంకులో 55 డిగ్రీలు చేరాలి. ఖర్దుంగ్ లా మీద 33 చాలు.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. మన బ్లేజ్‌వాడ మే నెల ఎండలో రోజంతా రోడ్డు మీద నిలబెట్టిన బండిని చూసిన మెకానిక్, లద్దాఖ్ సమస్యని ఎప్పుడో చూసేశాడు. వేడి, ఎత్తు ఒకే తాళానికి రెండు తాళంచెవులు. చలి ప్రాంతంలో 33 డిగ్రీలు ఎక్కడివి అనకండి. గాలి చల్లగా ఉంటుంది గానీ అంత ఎత్తులో ఎండ చురుక్కుమంటుంది, నల్ల ట్యాంకు ఇట్టే వేడెక్కుతుంది. మోటార్ సైకిల్‌కైతే ట్యాంకు కిందే ఇంజిన్. కారుకైతే ట్యాంకు పక్కనే సైలెన్సర్ పైపు. పైగా ఘాట్ మీద ఒకటో గేరు, రెండో గేరు నడక. ఇంజిన్ వేడి దంచుతుంది, ఎదురుగాలి ఉండదు.

ఇథనాల్ గురించి కూడా ఒక మాట. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఒంటరిగా ఉన్న ఇథనాల్ ఆవిరి పీడనం పెట్రోలు కంటే చాలా తక్కువ. అలాంటిది కలిపితే మొత్తం పీడనం తగ్గాలి కదా? పెరుగుతుంది! ఇథనాల్ అణువులు తమలో తాము గట్టిగా చేతులు పట్టుకుని ఉంటాయి, అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు తొందరగా లేవవు. పెట్రోలు గుంపులో చెల్లాచెదురయ్యేసరికి ఆ పట్టు పోతుంది. అప్పుడు అవి, వాటితోపాటు పెట్రోలులోని తేలిక భాగాలు కూడా సులువుగా పైకి లేస్తాయి. పది శాతం కలిపితే దాదాపు ఏడు కిలోపాస్కల్స్ పెరుగుదల. రిఫైనరీలు అసలు పెట్రోలుని ఆ మేరకు సర్దుతాయి కాబట్టి, ప్రతి ట్యాంకు సమస్యకీ ఇథనాల్‌నే తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. పాత బళ్ల మూత రబ్బర్లు ఉబ్బి బిగుసుకుపోవడం మాత్రం నా కౌంటర్ మీద కళ్లారా చూస్తున్నాను.

పెట్రోలు మరుగుతోందా, దారి మూసుకుపోయిందా? బయటికి బుస కొట్టినప్పుడు ఈ రెంటినీ విడదీయడమే అసలు చిక్కు. తేల్చుకోకుండా మూత సగం తిప్పి వదులుగా పెట్టుకుని వెళ్లమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దారి మూసుకుపోయిన కేసులో అది పనిచేస్తుంది, దిగుడులో అయితే మంచి ఉపాయం కూడా. మరుగుతున్న కేసులో ప్రాణం మీదికి వస్తుంది. గోలీ సోడా గుర్తు చేసుకోండి. గోలీ బిగుసుకుని ఉన్నంతసేపూ నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, లోపలికి నొక్కగానే నురగతో తన్నుకొస్తాయి. వేడెక్కిన ట్యాంకులో పెట్రోలు కూడా ఒత్తిడి ఉన్నంతసేపే నెమ్మదిగా ఉంటుంది. మూత తీయగానే మొత్తం ఒక్కసారిగా మరిగి ఫౌంటెన్‌లా లేస్తుంది. అమెరికాలో అడవి మంటలార్పే సిబ్బంది చెట్లు కోసే రంపాల ట్యాంకులతో ఇలా కాలిన ఘటనల వల్ల దీనికి 'ఫ్యూయల్ గీజరింగ్' అని పేరే పెట్టుకున్నారు. కాబట్టి బండి ఆపి, నీడలో అరగంట వదిలి, ట్యాంకు చేతికి చల్లగా తగిలాకే మూత మీద చెయ్యి వెయ్యాలి. చల్లబడ్డాక తీసినా ఇంకా గట్టిగా బుస కొడితే దారి మూసుకుపోయినట్టు. చల్లబడగానే బుస కూడా చల్లబడితే అది మరుగుడు, దానికి మార్చాల్సిన పార్టు ఏదీ లేదు. ట్యాంకుకి వేడి ఎక్కడి నుంచి తగులుతోందో చూసుకోవడం, ఊడిపోయిన వేడి కవచం రేకు బిగించడం, అంతే.

దారి మూసుకోవడానికి మన అలవాట్లలో మొదటిది రౌండ్ ఫిగర్. బంకులో గన్ను టక్కున ఆగుతుంది. మీటరు మీద 1,943 అని ఉంటుంది. "రెండు వేలు చేసెయ్ తమ్ముడూ" అంటాం. ఆ కుర్రాడు గన్ను పైకెత్తి చుక్క చుక్కగా పోస్తాడు. ట్యాంకు పైన కంపెనీ వదిలిన ఖాళీ జాగా ఆవిరి కోసం. దాన్ని మనం పెట్రోలుతో నింపుతున్నాం. తెల్లవారుజామున చల్లటి పెట్రోలు 40 లీటర్లు నింపి, అది పగటికి పాతిక డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక లీటరు ఉబ్బుతుంది. ఆ లీటరు ఎక్కడికి పోవాలి? ఆవిరి వెళ్లాల్సిన పైపులోకి ద్రవంగా ఎక్కి క్యానిస్టర్‌లో పడుతుంది. బొగ్గు తడిసిందంటే దాని పని దాదాపు ముగిసినట్టే. అప్పటి నుంచి బండి పెట్రోలు కంపు కొడుతుంది, ట్యాంకు నింపిన వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, ఘాట్ మీద తడబడుతుంది. యజమాని ఫ్యూయల్ పంపు కొనడానికి నా కొట్టుకి వస్తాడు. పంపు అమ్మితే నాకు లాభమే, అయినా చెబుతున్నాను.

రెండో కారణం మట్టి. దీనికి ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు బళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. తర్వాత సీట్లు ఆరబెట్టారు, వైరింగ్ మార్చారు, ఆయిలు మార్చారు. క్యానిస్టర్‌ని తాకినవాళ్లు అరుదు. మరుసటి వేసవిలో అలాంటి కారు ఒకటి ఊటీ వెళ్లొచ్చింది. మేట్టుపాళయం వైపు దిగుతుంటే వెనక సీటు కింద 'ఢబ్' అని డబ్బా మోత, పంపు కూత, మూత దగ్గర సన్నటి ఈల. బండి కంప్యూటర్ గుర్తించిన లోపాల్ని కోడ్‌లుగా చూపించే స్కానర్ పెట్టారు, ఒక్క కోడ్ కూడా రాలేదు.

స్కానర్‌కి ఏమీ దొరక్కపోవడం గురించి ఇక్కడే చెప్పుకోవాలి. పర్జ్ వాల్వు వైరు తెగితే పీ0443 లాంటి కోడ్ వస్తుంది. వైరు బాగుండి పైపు పూడుకుపోతే చాలా మన బళ్లకి తెలియదు, ఎందుకంటే ట్యాంకు పీడనం కొలిచే సెన్సరే వాటిలో ఉండదు. అమెరికా బళ్లలో లీకు పరీక్ష తప్పనిసరి. అక్కడ కూడా 8,000 అడుగులు దాటాక ఆ పరీక్షని ఆపెయ్యడానికి నియమాలు వెసులుబాటు ఇచ్చాయి. అంటే మనకి అవసరమైన చోటే కంప్యూటర్ కళ్లు మూసుకుంటుంది.

ఆ కారుకి మా పక్క షెడ్డు మేస్త్రి చేసిన పరీక్ష స్కానర్ కంటే పాతది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించే పైపు రెండు మీటర్లు తెచ్చాడు. దాన్ని చెక్క స్కేలు మీద యూ ఆకారంలో టేపుతో అంటించి, సగం దాకా కుంకుమ కలిపిన నీళ్లు పోశాడు. ట్యాంకు నుంచి క్యానిస్టర్‌కి వెళ్లే పైపు ఊడదీసి మధ్యలో మూడు మూతుల జాయింటు పెట్టి, సెలైన్ పైపు ఒక కొస దానికి తగిలించాడు. రెండో కొస గాలికి వదిలేశాడు. రెండు పక్కలా నీటి మట్టాల మధ్య పది సెంటీమీటర్ల తేడా వస్తే ఒక కిలోపాస్కల్. ఇంజిన్ వేడెక్కేదాకా ఆగాడు. పర్జ్ వాల్వు టకటకలాడటం మొదలుపెట్టగానే ఎర్ర నీళ్లు ఒక పక్క మెల్లగా ఎక్కసాగాయి. అయిదు, పది, ఇరవై. సరైన బండిలో నాలుగైదు దగ్గర ఊగుతూ ఉండిపోవాలి. ఇక్కడ 30 సెంటీమీటర్ల తేడా దాకా వెళ్లి ఆగింది, అదే క్షణంలో పెట్రోలు మూత 'కీ...' మని ఈల వేసింది. మూతలో ఉండే రక్షణ వాల్వు తెరుచుకుంది.

"చూశారా అన్నా, ముక్కు మూసుకుంటే నోటితో పీలుస్తోంది" అన్నాడు మేస్త్రి.

క్యానిస్టర్ బయటి గాలి ముక్కు ఊడదీశాడు. ఎర్ర నీళ్లు జారి వెంటనే సమానమైపోయాయి. ఆ ముక్కులో ఎండి రాయిలా గట్టిపడిన బుడమేరు ఒండ్రు. ఘాట్ దిగేటప్పుడు పెరిగే బయటి పీడనం, ఇంజిన్ లాగే లాగుడు, రెండూ కలిసి ట్యాంకుని లోపలికి నొక్కాయి. ఆ 'ఢబ్' మోత ట్యాంకు రేకు లోపలికి పోయి మళ్లీ బయటికి ఉబకడం. వరద అక్కర్లేదు, కందిరీగ కట్టిన మట్టి గూడు కూడా ఈ పనే చేస్తుంది. కొన్నాళ్లు కదలకుండా పెట్టిన బండిలో దానికి ఆ పైపు కంటే మంచి ఇల్లు దొరకదు.

ఈ పరీక్షలో అదే కొలత ఇంకో పక్కకి కదిలితే, అంటే ట్యాంకు బయటికి తోస్తుంటే, చూడాల్సింది ట్యాంకుకీ క్యానిస్టర్‌కీ మధ్య దారిని. పైపు లగేజీ కింద నలిగిందా, తిరగబడితే మూసుకునే వాల్వు మూసుకుని అంటుకుపోయిందా అని. జాయింటుని ట్యాంకు మొదట్లో ఒకసారి, క్యానిస్టర్ దగ్గర ఒకసారి మార్చి పెడితే అడ్డం ఎక్కడుందో రెండింటి మధ్య దొరికిపోతుంది. పర్జ్ వాల్వు వేరే సంగతి. ఇంజిన్ ఆపి, వాల్వు ఊడదీసి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టండి. కరెంటు లేనప్పుడు అది మూసుకుని ఉండాలి. గాలి అవతలికి పోయిందంటే తెరుచుకుని ఇరుక్కుపోయిందన్నమాట, ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉండటానికి అదే కారణం కావచ్చు.

కంప్రెసర్ గన్ను మాత్రం ట్యాంకు వైపు చూపించకండి. పంక్చర్ షాపు గాలి ఒత్తిడి ట్యాంకు తట్టుకునే దానికి పదుల రెట్లు. నోటితో ఊదొద్దు. గుంటలో దిగి ఈ పనులు చేయొద్దు, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, గుంటలో చెరువులా నిలబడుతుంది. పక్కన వెల్డింగ్ జరుగుతుంటే ఆ పూట పని వాయిదా వేసుకోండి.

డీజిల్ లారీలవాళ్లకి ఇంత గొడవ లేదు. డీజిల్ ఆవిరి పీడనం దాదాపు సున్నా, కాబట్టి మరుగుడు లేదు, బొగ్గు డబ్బా లేదు. బ్రీదర్ (ట్యాంకు గాలి పీల్చే దారి) మూసుకుపోతే ట్యాంకు పీల్చుకోలేక బండి లాగదు, మూత వదులు చేస్తే లాగుతుంది, అంతటితో తేలిపోతుంది. లద్దాఖ్ చలికాలంలో లారీ డీజిల్ అందక ఆగిందంటే మాత్రం బ్రీదర్‌ని అనుమానించే ముందు డీజిల్ గడ్డ కట్టిందేమో చూడాలి. అక్కడి చలికి మైనస్ 33 డిగ్రీల దాకా కదిలే డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ 2019లో ప్రత్యేకంగా తెచ్చింది. నెల్లూరు బంకులో నింపుకున్నది అక్కడ పనికిరాదు.

కొండ ప్రయాణం పెట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తే లద్దాఖ్ దాకా ఆగక్కర్లేదనే చెబుతాను. మే నెల మధ్యాహ్నం సగం ట్యాంకుతో బండిని రెండు గంటలు ఎండలో పెట్టి, నీడలోకి తెచ్చి చల్లబడ్డాక మూత తీసి వినండి. మర్నాడు వంద కిలోమీటర్లు ఆగకుండా నడిపి, ఆపగానే మూత దగ్గర ఈల వినిపిస్తోందేమో చూడండి. గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి కోటప్పకొండ ఘాట్ ఎటూ దగ్గరే గానీ, ఆ మాత్రం ఎత్తుకి ట్యాంకు ఏమీ చెప్పదు. తిరుమల ఘాటైతే కాస్త చెబుతుంది.

క్యాన్ల సంగతి మర్చిపోయాను. మనాలి దారిలో తాండి బంకు దగ్గర తరువాతి బంకు 365 కిలోమీటర్లు అని రాసిన బోర్డు ఫొటో చూసి, అందరూ ప్లాస్టిక్ క్యాన్లలో పెట్రోలు మోసుకెళ్తారు. పైకి వెళ్లిన కొద్దీ క్యాను గుమ్మడికాయలా ఉబ్బుతుంది. దానికి క్యానిస్టరూ లేదు, వాల్వూ లేదు, ఉన్నది మీ చేతిలో మూత ఒకటే. గీజరింగ్ గురించి పైన చెప్పిందంతా దీనికి రెండింతలు వర్తిస్తుంది. పైదాకా నింపకూడదు, ఇంజిన్ పక్కన కట్టకూడదు, చల్లబడకుండా తెరవకూడదు.

మావాడు కూడా అలాంటి క్యాను ఒకటి పట్టుకెళ్లాడు. దాంట్లో ఉన్న పెట్రోలుని చాంగ్ లా మీద ట్యాంకులో ఒంపేసి, వాసన రాకుండా మూత గట్టిగా బిగించి, అలాగే ఇంటికి తెచ్చాడు. ఊళ్లోకి వచ్చేసరికి దాని రెండు బుగ్గలూ లోపలికి పీక్కుపోయి, ముడతలు పడి, లంఖణాలు చేసినవాడి మొహంలా ఉంది. దాన్ని కౌంటర్ మీద పెట్టి, "ఇది పాడైపోయింది మావయ్యా, పారేద్దామా?" అన్నాడు. మూత తిప్పి చూడమన్నాను. ఒక్క చుట్టు తిప్పాడో లేదో, చాంగ్ లా నుంచి మోసుకొచ్చిన ఆ పల్చటి గాలిలోకి బెజవాడ గాలి సర్రున దూరింది. క్యాను బుగ్గలు రెండూ టప్పుమని బయటికి వచ్చాయి.